ఎముకలకు అందని కబురు

నా నడుములో ఒకప్పుడు ఉండవలసిన నొప్పి లేకుండా పోయింది. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది దాన్నే. ఉన్న నొప్పి ఎప్పుడో ఒకప్పుడు తగ్గుతుంది. లేని నొప్పి తగ్గదు. దానికి మందు లేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళైతే మధ్యలో ఆపి నన్ను ఓదారుస్తారు. నాకు ఓదార్పు బాగా అలవాటైపోయింది. ఈ మాట చెప్పడానికి ఇంత ఆలస్యమైంది కూడా అందువల్లే.

కెనడాలో, ఈ కాల్గరీ తెలుగువాళ్ళలో నాకొక పేరుంది. అన్నకు తన రక్తమిచ్చిన తమ్ముడు. ఏటా మా అసోసియేషన్ వాళ్ళు ఒక శిబిరం పెడతారు. వచ్చినవాళ్ళ బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది, మూలకణాల దాతలుగా పేరు నమోదు చేసుకుంటారు. మన దేశం నుంచి వచ్చినవాళ్ళు ఆ జాబితాల్లో తక్కువ కాబట్టి మనలో ఎవరికైనా జబ్బు చేస్తే సరిపడే దాత దొరకడం కష్టం. అది నిజం. ఆ నిజం చెప్పడానికి ప్రతిసారీ నా చేతికి మైకు ఇస్తారు. నేను మాట్లాడతాను. చప్పట్లు కొడతారు. కొందరు ఆంటీలు కళ్ళు తుడుచుకుంటారు. చప్పట్లు ఆగేదాకా నేను నేలకేసి చూస్తుంటాను. దాన్ని వినయం అనుకుంటారు.

మా అన్నయ్య నాకంటే బాగా పెద్ద. ఇక్కడికి ముందు వచ్చింది ఆయనే. ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. నేను ఐటీలో ఉద్యోగం దొరికి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టుకు నా కొలతకు సరిపోయే కోటు పట్టుకుని వచ్చాడు. మంచు మీద కారు జారితే స్టీరింగ్ ఎటు తిప్పాలో ఖాళీ పార్కింగ్‌లో పక్కన కూర్చుని నేర్పాడు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నాను? నాకు ఆయన మీద కోపం గానీ, పాత పగ గానీ లేవని చెప్పడానికేనేమో. ఒక కారణం ఉండి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. కారణం ఉన్న తప్పును కనీసం అర్థం చేసుకోవచ్చు.

ఆకులు రాలే రోజుల్లో అన్నయ్యకు చిగుళ్ళ నుంచి రక్తం రావడం మొదలైంది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన మనిషి వారం తిరిగేలోగా క్యాన్సర్ వార్డులో ఉన్నాడు. ల్యుకేమియా. కీమోతో జబ్బు అణిగింది కానీ మళ్ళీ లేస్తుందన్నారు. రక్తం పుట్టే చోటినే మార్చాలన్నారు. పరీక్ష చేస్తే నా కణాలు ఆయనకు పూర్తిగా కలిశాయి. ఆ కబురు తెలిసిన రోజు మా వదిన నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ చేతులతోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

దాతల క్లినిక్‌లో ఒక నర్సు ఓపిగ్గా అంతా వివరించింది. ఆమె చెప్పిందీ, తర్వాతి సంవత్సరాల్లో నాకు నేనే శిక్ష వేసుకున్నట్టు చదివిందీ కలిపి మీకు చెబుతాను. ఇది తెలియకపోతే నేను చేసింది ఏమిటో మీకు తెలియదు.

రక్తం మన ఎముకల లోపలి మూలుగలో పుడుతుంది. అక్కడ మూలకణాలు ఉంటాయి. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, అన్నీ వాటి సంతానమే. ఏ కణాలు ఎన్ని కావాలో మూలుగకు దానంతట దానికి తెలియదు. ఒంట్లోంచి కబుర్లు రావాలి. ఒక కణం ఇంకొక కణానికి పంపే ఆ కబుర్లను సైటోకైన్లు అంటారు. చిన్న ప్రొటీన్లు. వాటిలో ఒకదాని పేరు జి-సి-ఎస్-ఎఫ్. ఒంట్లోకి ఏ సూక్ష్మజీవో చొరబడితే అక్కడి కణాలు దీన్ని రక్తంలోకి వదులుతాయి. మూలుగ అందుకుంటుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను త్వరత్వరగా తయారుచేసి పంపుతుంది. ముందుగా వెళ్ళి పోరాడేవి అవే. పని అయ్యాక ఆ కబురును మింగేసేదీ అవే. కణాలు పెరిగేకొద్దీ కబురు తరుగుతుంది. అలా అంతా మళ్ళీ సర్దుకుంటుంది.

అదే ప్రొటీన్‌ను మందుగా తయారుచేసి ఆరోగ్యంగా ఉన్న మనిషికి వరుసగా కొన్ని రోజులు పెద్ద మోతాదులో ఇస్తే మూలుగ పొంగుతుంది. మూలకణాలను అక్కడ పట్టి ఉంచే బంధాలు తెగిపోతాయి. అవి రక్తంలోకి వచ్చి తేలుతాయి. అప్పుడు చేతి నరంలోంచి రక్తం తీసి, యంత్రంలో ఆ కణాలను వేరుచేసి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపిస్తారు. మందు ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. అందుకే రోజూ వేసుకోవాలి. ఒక రోజు మానకూడదు.

ఎముకల్లో నొప్పి వస్తుందని కూడా ఆమె చెప్పింది. నొప్పి వస్తే భయపడొద్దు, కబురు ఎముకలకు అందిందని గుర్తు అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి ఇంకొక మాట చెప్పింది. రేపటి నుంచి మీ అన్నగారికి పెద్ద కీమో మొదలవుతుంది. దాంతో ఆయన సొంత మూలుగ పూర్తిగా పోతుంది. ఇక ఆయనకు ఉండేది మీరిచ్చేదే. మీకు మనసు మారితే ఈ రోజే చెప్పండి, రేపు చెప్పకండి.

నేను నవ్వాను. మనసు మారడమేమిటి అన్నాను. మా అన్నయ్య అన్నాను.

ఆ చలికాలంలోనే మా కొత్త ఇల్లు చేతికొచ్చింది. నగరానికి వాయవ్యాన, గ్యారేజీ మీద పడగ్గదులున్న ఇల్లు. గృహప్రవేశానికి, సత్యనారాయణ వ్రతానికి పంతులుగారు ఆదివారం ముహూర్తం పెట్టారు. సోమవారం నా కణాలు తీసేది. వాయిదా వేద్దామని నేను అన్న మాట నిజం. అన్నయ్యే ఒప్పుకోలేదు. తన జబ్బు వల్ల ఇంట్లో శుభకార్యం ఆగడానికి వీల్లేదన్నాడు. నాలుగు ఇంజక్షన్ల కోసం ముహూర్తం మారుస్తారట్రా అని వెక్కిరించాడు.

గురువారం, శుక్రవారం క్లినిక్‌లో ఇంజక్షన్ ఇచ్చారు. శని, ఆదివారాలకు నింపిన సిరంజిలు ఇంటికిచ్చారు. పొట్ట చర్మం కింద ఎలా గుచ్చుకోవాలో చూపించారు. నేను వాటిని కొత్త ఇంటి ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ ఫ్రిజ్‌లోకి వెళ్ళిన మొదటి వస్తువులు అవే.

శుక్రవారం సాయంత్రానికి నొప్పి వచ్చింది. అలాంటి నొప్పి నాకు తెలియదు. దెబ్బ తగిలిన నొప్పి కాదు. ఎముక లోపలినుంచి ఎవరో తలుపు తోస్తున్నట్టు, ఒక్కొక్క గుండె చప్పుడుకూ ఒక్కొక్క తోపు. నడుము, తుంటి, రొమ్ము మధ్య ఎముక. శనివారం కొత్త ఇంట్లో చెక్క నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చూశాను. పీటల మీద ఎంతసేపు కూర్చోగలనో చూసుకోవాలని. సత్యనారాయణ వ్రతం అంటే తెలుసు కదా, సంకల్పం నుంచి కథలన్నీ పూర్తయ్యేదాకా లేవకూడదు. మొదటి కథ చదివేంతసేపు కూడా నేను కూర్చోలేకపోయాను. లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

నా భార్య చూసింది. "కుర్చీలు వేసుకుందాం లెండి. పంతులుగారు ఏమీ అనరు," అంది.

అది చాలా తేలికైన దారి. ఎవరైనా ఆ దారినే పోతారు. నేను పోలేదు. ఊళ్ళో తెలిసినవాళ్ళందరూ వస్తున్నారు. ఫొటోలు తీస్తారు. పట్టుపంచె కట్టుకుని కుర్చీలో ముసలాడిలా కూర్చోవాలా? ఎవరైనా అడిగితే ప్రతివాడికీ నా అన్న జబ్బు చెప్పాలా? ఇలా ఆలోచించాను. అంతే. ఇంతకంటే గొప్ప ఆలోచన ఏదీ నా బుర్రలో లేదు. వెతికి చూశాను. ఇన్నేళ్ళూ వెతికాను.

శనివారం సాయంత్రం సిరంజి తీసుకుని కింది అంతస్తు బాత్‌రూమ్‌లోకి వెళ్ళాను. ఈ ఒక్కటీ మానేస్తే రేపటికి నొప్పి తగ్గుతుంది. వ్రతం అయ్యాక రేపటిది ఎలాగూ వేసుకుంటాను. ఒకటి తగ్గితే ఏమవుతుంది? మిగతావన్నీ వేసుకున్నట్టే కదా? సూదిని సింకు మీదకు వంచి వెనక నొక్కాను. సన్నగా, నీళ్ళలా ఉంది. కొత్త సింకు, ఎవరూ వాడనిది. అందులోకి మొదట జారింది అదే. తర్వాత కుళాయి తిప్పాను. ఖాళీ సిరంజిని క్లినిక్ వాళ్ళిచ్చిన పసుపు డబ్బాలో పడేశాను. డబ్బా సోమవారం వాళ్ళకే తిరిగి ఇవ్వాలి. ఖాళీ సిరంజి చూసి మందు ఎక్కడికి పోయిందో ఎవరు చెప్పగలరు?

ఆదివారం చినూక్ వచ్చింది. పడమటి కొండల మీదుగా వేడిగాలి. పొద్దున్నే ఆకాశంలో మబ్బు వంపు తిరిగి, దాని కింద ఎండ పచ్చగా పడింది. పైకప్పుల మీది మంచు కరిగి చూరుల నుంచి ధారలు కట్టింది. మీ గృహప్రవేశానికి వసంతం వచ్చిందండీ అన్నారు అందరూ. నాకు మాత్రం ఆ వెలుగు చూస్తే తలలో ఏదో బిగుసుకుంది. మంచు కరిగే కాలం కాదు అది. ఇంకా నెలల చలి ఉంది.

హోమం పొగకు మోగకుండా స్మోక్ అలారానికి షవర్ క్యాప్ తొడిగాం. ఇక్కడ తెలుగువాళ్ళందరం చేసే పనే. స్టూలు ఎక్కి దాన్ని తొడిగింది నేను. నడుము చక్కగా వంగింది. నొప్పి సగానికి సగం తగ్గిపోయింది. ఆ తేలికదనానికి నేను సంతోషించాను. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. దాన్ని తలుచుకుంటే నాకు నేనే అసహ్యం.

కథలన్నీ పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను. భోజనాల దగ్గర ఒక స్నేహితుడు భుజం చరిచాడు. "ఏవయ్యా, ఇంజక్షన్లన్నావు, నొప్పులన్నావు, పెళ్ళికొడుకులా కూర్చున్నావే!" పక్కనున్న ఆంటీ అందుకుంది. "అన్న కోసం చేస్తున్న పుణ్యం బాబూ, ఆ దేవుడే కూర్చోబెట్టాడు." నేను నవ్వి ఆమెకు ఇంకొంచెం పులిహోర వడ్డించాను.

అప్పుడే అన్నయ్య ఫోన్ చేశాడు. వీడియో. వార్డులో మంచం మీద ఉన్నాడు. గుండు, మాస్కు, మాస్కు పైన ఆ కళ్ళు. నేను ఫోన్ పట్టుకుని పైగదిలోకి వెళ్ళాను.

"ఏరా చిన్నా, పంతులుగారు వదిలారా?"

"ఇప్పుడే అన్నయ్యా. భోజనాలవుతున్నాయి."

"పాలు పొంగాయా?"

"పొంగాయి. స్టవ్ అంతా పాలే."

"మీ ఆవిడ తిట్టిందా? తిట్టే ఉంటుందిలే. కింద ఏం పెట్టారో చూపించకు. నాకిక్కడ ఆకుపచ్చ జెల్లీ పెట్టారు. చూస్తే అది నన్ను చూస్తోంది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నొప్పులెలా ఉన్నాయిరా? ఎముకల్లో పొడిచేస్తుందంటగా ఆ మందు."

"ఉన్నాయి అన్నయ్యా."

"ఎక్కడ?"

"నడుములో. తొడల్లో."

"దాంతోనే పీటల మీద కూర్చున్నావా?"

"కూర్చున్నా."

తెర ఆగిపోయిందేమో అనుకున్నాను.

"నా మూలంగా నీకెంత బాధరా."

"ఊరుకో అన్నయ్యా."

"నీ రక్తం ఎక్కితే నాకూ నీలాగా ముక్కు మీద కోపం వస్తుందేమోనని మీ వదిన బెంగ."

"మంచిదేగా. ఇంట్లో నీ మాట వింటారు."

"ఎవరు, నా కూతురా? కలగంటున్నావు." దగ్గాడు. "సరే, వెళ్ళు. వచ్చినవాళ్ళను చూసుకో. టాబ్లెట్ వేసుకుని పెందలాడే పడుకోరా. రేపు నీకు పనుంది."

ఆయనతో నేను ఆడిన మొదటి అబద్ధం అదేమీ కాదు. చిన్నప్పుడు చాలా ఆడాను. అవన్నీ ఆయన పట్టేసేవాడు. ఇది పట్టలేదు. నన్ను నమ్మడం తప్ప వేరే దారి లేని స్థితిలో ఉన్నాడు కాబట్టి పట్టలేదు.

అందరూ వెళ్ళాక ఫ్రిజ్ తెరిచాను. పాయసం గిన్నె పక్కన రెండో సిరంజి. శనివారానికి ఒక కారణం చెప్పాను మీకు, నీచమైనదే అయినా కారణం. ఆదివారానికి చెప్పలేను. వ్రతం అయిపోయింది. కూర్చోవలసిన అవసరం లేదు. నడుము హాయిగా ఉంది. ఒక్క రోజు హాయి తర్వాత ఒళ్ళు మళ్ళీ ఆ తలుపు తోపుల్లోకి వెళ్ళనని మొరాయించింది. మందు లేకుండానే పొద్దున్న అంతా బాగా జరుగుతుందని ఎవరో నాలో నమ్మకంగా చెప్పారు. ఎవరది? నేనే కదా. రెండోది కూడా సింకులోకే పోయింది. ఈసారి కుళాయి ముందే తిప్పి ఉంచాను. అది ఇంకా భయంకరం.

సోమవారం పొద్దున్న క్లినిక్ వరండాలో కుంటుతూ నడిచాను.

అవును, నటించాను. వీకెండ్ ఇంజక్షన్లు సరిగ్గా వేసుకున్నారా అని నర్సు అడిగింది. వేసుకున్నాను అన్నాను. నొప్పి? నడుము, తుంటి అన్నాను. పాపం అని నా వీపు మీద చేయి వేసింది. చివరి ఇంజక్షన్ ఇచ్చి, రక్త పరీక్ష చేశారు. మూలకణాలు వాళ్ళు అనుకున్నదాంట్లో చిన్న భాగమే ఉన్నాయి. డాక్టరు వచ్చి నా పక్కన కూర్చుంది. కొందరి ఒళ్ళు ఈ మందుకు సరిగా స్పందించదు, ఇందులో మీ తప్పేమీ లేదు అంది.

అదే క్షణం. నా జీవితంలో ఉన్న తలుపులన్నిటిలో అదొక్కటే నిజమైన తలుపు. అప్పుడు చెప్పి ఉంటే ఏం చేసేవాళ్ళు? ఇంకొన్ని రోజులు మందు సరిగ్గా ఇచ్చి, కణాలు పొంగాక తీసేవాళ్ళు. అన్నయ్య కొంచెం ఆగేవాడు, అంతే. ఒక్క వాక్యం చాలు. నాకు ఆ వాక్యం నాలుక దాకా వచ్చింది. ఆమె ముఖంలో జాలి చూసి, ఆ జాలి పోతుందని భయపడి, మింగేశాను. నిజంగా అంతేనా? ఒక మనిషి ఇంకొకరి ముఖం మారకుండా ఉండడం కోసం తన అన్న ప్రాణాన్ని పణంగా పెడతాడా? పెట్టాడు. మీకు రాస్తున్నవాడు పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంకొక ఇంజక్షన్ ఇచ్చి మంగళవారం మళ్ళీ తీశారు. రెండు రోజులవీ కలిపితే తక్కువలో తక్కువ ఎంత కావాలో అంతే వచ్చాయి. దీంతోనే వెళ్దాం అన్నారు. చిన్న సంచిలో, టమాటా పచ్చడి నీళ్ళలో కలిపినట్టున్న ఎర్రటి ద్రవం. అన్నయ్య చేతికి ఎక్కించారు. వదిన గాజు తలుపు అవతల నిలబడి దణ్ణం పెట్టింది. దేవుడికో నాకో తెలియలేదు.

తర్వాత ఎదురుచూడటం. ప్రతి పొద్దునా బోర్డు మీద తెల్లకణాల లెక్క రాసేవారు. సున్నా. మర్నాడు సున్నా. నేను సి-ట్రైన్ దిగి ఆస్పత్రి మెట్లెక్కేటప్పుడు ముందుగా చూసేది నర్సుల కళ్ళను. మొలకెత్తుతాయి, ఆలస్యమవుతోంది అంతే అనేవారు. ఆ రోజుల్లో అన్నయ్య ఒంట్లో ఏం జరిగి ఉంటుందో నాకు చాలా తర్వాత తెలిసింది. ఆయన ఒళ్ళు ఊరుకోలేదు. సాయం కావాలని అదే కబురును మూలుగకు పంపుతూనే ఉండి ఉంటుంది. కానీ మూలుగలో అందుకునేవాళ్ళు లేరు. కబురును మింగి శాంతింపజేయవలసిన కణాలు లేవు. ఎవరూ అందుకోని కబురు రక్తంలోనే పేరుకుపోతుందట. పిలుపు మీద పిలుపు, పిలుపు మీద పిలుపు, పలికేవాళ్ళు లేని ఇంట్లో. నేను సింకులో పారబోసిన అదే వస్తువు ఆయన ఒంట్లో పొంగి పొర్లుతూ ఉంది.

ఆ ఎదురుచూపులోనే ఒక రోజు అన్నయ్య వదినను పెరుగన్నం అడిగాడు. ఆ వార్డులోకి బయటి తిండి తేకూడదు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగైతే అసలే తేకూడదు. ఆయన రెండు రోజులు అడిగాడు. మూడో రోజు వదిన కోటు జేబులో చిన్న స్టీలు డబ్బా పెట్టుకుని వెళ్ళింది. నాలుగు ముద్దలు తిన్నాడట. కళ్ళు మూసుకుని తిన్నాడట. ఆ తర్వాత జ్వరం వచ్చింది.

జ్వరం దిగలేదు. ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టి డాక్టరు చెప్పింది. ఇది ఒక రకం బూజు. గాలిలో ఎప్పుడూ ఉండేదే. మనందరం రోజూ పీలుస్తాం. తెల్లకణాలు ఉన్నవాళ్ళను ఏమీ చేయదు. ఈయన కణాలు రావడానికి చాలా ఆలస్యమైంది. వదిన అక్కడే ఉంది కానీ ఏ మాటా ఆమె చెవిన పడలేదు. నేను విన్నాను. ఒక్కొక్క మాటా విన్నాను. గాలిలోంచి వచ్చింది. కణాలు ఆలస్యమైనందువల్ల వచ్చింది. తెలుగులో అందరికీ వివరించే పని నాదే. ఇన్ఫెక్షన్ అని మాత్రం చెప్పాను.

లెక్క సున్నా దాటిన వారానికే అన్నయ్య పోయాడు. కణాలు మొలకెత్తడం మొదలైంది. ఆయన వాటికోసం ఆగలేకపోయాడు.

దహనం అయ్యాక వదిన నన్ను పక్కకు పిలిచింది. ఎవరికీ చెప్పకు అని పెరుగన్నం సంగతి చెప్పింది. నేనే చంపాను అంది.

ఆ మాట వినగానే నా లోపల ఏదో తేలికపడింది.

మిగతాదంతా క్షమించరానిదే అయినా మీరు మరిచిపోయినా నాకు అభ్యంతరం లేదు. ఈ ఒక్క వాక్యం మాత్రం గుర్తుపెట్టుకోండి. అది బూజు వదినా, పెరుగుతో సంబంధం లేదు, డాక్టరే చెప్పింది అని నేను అనవచ్చు. అనలేదు. అంటే తర్వాతి ప్రశ్న వస్తుంది కదా, మరి కణాలెందుకు ఆలస్యమయ్యాయని? అందుకని ఆమె భుజం పట్టుకుని, "అలా అనుకోకండి వదినా, మీరు ప్రేమతోనే పెట్టారు," అన్నాను. ఎంత మెత్తగా అన్నానంటే, ఆ మెత్తదనంతోనే అది నిజమని ఆమెకు రూఢి అయింది.

అప్పటి నుంచి వదిన పెరుగు ముట్టదు. ఏదో మొక్కు అనుకుంటారు అందరూ. ఏ ఇంట్లో భోజనాలైనా చివర్లో పెరుగు గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఆమె విస్తరి మడిచేస్తుంది. నేను ఎదురుగా కూర్చుని పెరుగు కలుపుకుంటాను. ఏళ్ళ తరబడి అలా కలుపుకున్నాను.

నా రెండు ఇంజక్షన్లు ఆయన్ను చంపాయా? కచ్చితంగా చెప్పలేను. అన్నీ సరిగ్గా చేసినా పోయేవాళ్ళు ఉంటారు. కణాలు తక్కువైతే మొలకెత్తడం ఆలస్యమవుతుందని మాత్రం తెలుసు. ఆలస్యమైన రోజుల్లోనే బూజు పట్టిందని తెలుసు. దీన్ని అనుమానం అనుకోవడానికి చాలా ప్రయత్నించాను. ఇంకొక సాకు కూడా దొరికింది. నేను నోరు విప్పితే జనం దాతలుగా ముందుకు రావడానికి భయపడతారని. ఆ సాకు బాగా పనికొచ్చింది. ఇప్పుడు చెబుతున్నాను. ఆ మందు నాకేమీ చేయలేదు. మానేసిన రెండో రోజుకల్లా నొప్పి పూర్తిగా పోయింది. భయపడవలసింది మందుకు కాదు.

ఈ చలికాలం అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. ఇప్పుడు పెద్దదైంది, శిబిరం తనే నడుపుతోంది. "బాబాయ్, దిస్ టైమ్ ఆల్సో యూ ఆర్ స్పీకింగ్, ఓకే? మామ్ విల్ ఇంట్రొడ్యూస్ యూ," అంది. ఈసారి నన్ను వేదిక మీదకు పిలిచేది వదిన. ఓకే అన్నాను.

మర్నాడు వదిన ఇంటికి వెళ్ళాను. మళ్ళీ అదే గాలి, అదే మబ్బు వంపు, కిటికీ బయట నీటి చుక్కల చప్పుడు. ఆమె వంటింట్లో కాఫీ పెడుతోంది. నిలబడే చెప్పాను. సింకు, కుంటడం, డాక్టరు జాలి, బూజు. పెరుగు కాదు వదినా అన్నది చివర్లో చెప్పాను. మొదటే చెప్పవలసింది. అక్కడ కూడా తప్పే చేశాను.

ఆమె స్టవ్ ఆపింది. అరవలేదు. నేను ఊహించినవేవీ జరగలేదు.

"ఆ ఆదివారం నీతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక ఆయన ఏడ్చారు, తెలుసా?" అంది. "వాడు అంత నొప్పితో పీటల మీద కూర్చున్నాడే, ముహూర్తం మార్చుకోమని నేనే చెప్పాల్సింది అని. చాలాసేపు ఏడ్చారు."

నాకు తెలియదు.

గిన్నె దింపి మళ్ళీ అంది. "నాకు చెప్పావు. అమ్మాయికి నువ్వే చెప్పు. హాల్లో వాళ్ళకీ నువ్వే చెప్పు. నీ బదులు నేను చెప్పను." కాఫీ గిన్నె సింకులో వంపేసి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. నేను బూట్లు వేసుకుని వచ్చేశాను.

అమ్మాయికి చెప్పాను. ఆమె అంతా విని ఫోన్ పెట్టేసింది. ఇంతవరకు మళ్ళీ చేయలేదు. శిబిరం వచ్చే శనివారం. నన్ను పిలుస్తారో లేదో తెలియదు. పిలిచినా పిలవకపోయినా వెళ్ళి, ఎవరూ మైకు ఇవ్వకపోతే గుమ్మం దగ్గర నిలబడి చెబుతాను. అంతకుముందు ఎక్కడో ఒకచోట పూర్తిగా, తడబడకుండా చెప్పి చూసుకోవాలనిపించింది. అందుకే మీకు రాశాను.

వదిన ఇప్పుడు పెరుగు తింటోందో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు. క్షమించమని ఆమెను అడగలేదు, మిమ్మల్నీ అడగను. అందుకునేవాళ్ళు లేకపోతే కబురు ఒంట్లోనే పేరుకుపోతుందని చెప్పాను కదా. ఇది మీకు అందింది. నాకు అది చాలు.